అడ్డంగా తిప్పి చదవాల్సిన ఉత్తరం

అమ్మమ్మా, జలుబు తగ్గింది, నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు.

మీ అమ్మమ్మని తన కూతురని ఆ తెల్లదొర ఏనాడూ చెప్పుకోలేదని, ఊళ్ళోవాళ్ళు నిన్ను పిల్లికళ్ళదానా అన్నప్పుడల్లా తలదించుకునేదానివే! ఆ దొర తన చెల్లెలికి రాసిన ఉత్తరాలు ఇక్కడ, వాళ్ళ దేశంలో, ఆ చెల్లెలి మునిమనవరాలి దగ్గరున్నాయి. బట్టలు కుట్టే ఆవిడ, మన పిన్నిలాగే పంటికింద గుండుసూది పెట్టుకునే మాట్లాడుతుంది. నెలరోజులుగా ఇద్దరం కూర్చుని చదివినా వానలూ గుర్రాలూ తప్ప ఏమీ దొరకలేదు. ఇవాళ ఆవిడ ఒక కాగితాన్ని గుడ్డ తిప్పినట్టు అడ్డంగా తిప్పి, "అయ్యో, ఇన్నాళ్ళూ మనం సగమే చదివాం!" అంది. కాగితం కలిసొస్తుందని దొర రాసినదాని మీదే అడ్డంగా మళ్ళీ రాశాడు. మనవాళ్ళ కబుర్లన్నీ ఆ అడ్డం వరుసల్లోనే ఉన్నాయి!

అంటే నీ పెట్టెలో చాప అల్లినట్టున్న కాగితాలు పిచ్చిగీతలు కావు, ఆ చెల్లెలి జవాబులు. పొయ్యిలో పెట్టావో, నా మీద ఒట్టే. తమ్ముడి చేత రిజిస్టర్ పోస్టులో పంపించు. కంట్లో చుక్కలు వేసుకుంటున్నావా? మామయ్య తలుపు గొళ్ళెం బాగుచేయించాడా, ఇంకా తాడే కడుతున్నారా? పిన్నిని అడిగానని చెప్పు. నీ కాళ్ళకి దణ్ణం.

చోటైపోయింది. తమ్ముడూ, కార్డు అడ్డంగా తిప్పి, దొర రాసిన ఈ ముక్క అమ్మమ్మకి పొల్లుపోకుండా చదివి వినిపించు:

"నా కూతురికి కళ్ళు నావి, కోపం వాళ్ళమ్మది. నువ్వు పంపిన గౌను తొడిగి, భుజాన ఎక్కించుకుని, ఊరంతా తిప్పి చూపించాను."