సిల్లీ అన్న మాటకు సమాధానం

శుక్రవారం, తిరుపతి

పదకొండేళ్ల క్రితం స్టాఫ్ రూములో అందరి ముందూ నన్ను "సిల్లీ ఫెలో" అన్న మునిరత్నాన్ని ఈరోజు ఓడించాను. సిల్లీ అంటే మొదట్లో ధన్యుడు, సంతోషంగా ఉన్నవాడు. తర్వాత అమాయకుడని, జాలిపడదగినవాడని మారుతూ చివరికి తెలివితక్కువవాడని స్థిరపడింది. ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికినవాడికి ఇది తెలియదు! లావు నిఘంటువు సంచిలో వేసుకుని రైలెక్కి, పాకాలలో వాడి ఇంటికే వెళ్లాను.

నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. "కంటికి ఆపరేషనప్పా, సదవద్దన్నారు. ఆ పేజీ నువ్వే సదివి తిట్టు," అన్నాడు.

చదివాను. కడుపుబ్బ నవ్వాడు. "ఓడిపోయినా లేబ్బా. రెండు వారాలుగా పుస్తకం ముట్టక సస్తా ఉండా. దాని కిందుండే మాట గూడా సదువు."

చదివాను. దాని కిందిదీ చదివాను. ఒక్కో మాటకూ అరుచుకున్నాం. వాళ్లావిడ రెండుసార్లు తొంగిచూసింది. సాయంత్రం రైలు తప్పిపోయి బస్సులో నిలబడి వచ్చాను.

వచ్చే నెల నుంచి వాడే చదువుకోవచ్చునట. ఈలోగా ఎస్ అక్షరమైనా పూర్తవుతుందా? మంగళవారం పొద్దున మొదటి బండికే పోవాలి.