కోట ముందు విప్పిన బూట్లు

లండన్, తమ్ముడి ఇల్లు. ఆదివారం రాత్రి.

సిరిసిల్లకు ఫోన్ కలిసింది. నక్సలైట్ అన్నల కోసమని బట్ట నేసే మా సాంచాల షెడ్డు సోదా చేసిన పోలీసులు మళ్లీ రాలేదట. "రంది పెట్టుకోకుండ్రి వదినె" అన్నాడు మరిది. ఇవాళే అన్నం సహించింది.

మొన్న వేల్స్ పల్లెలో కోట చూడబోతే, ఈయన వాకిట్లోనే బూట్లు విప్పి చేతబట్టుకున్నారు. చిన్నప్పుడు ఊళ్లో దొర ఉండే కోటలాంటి గడి ముందు అలాగే నడవాలి. అన్నల భయానికి దొర పారిపోయి, ఆ గడి ఎప్పుడో పాడుబడింది. ఈయన కాళ్లకే ఇంకా కబురందలేదు. టికెట్లమ్మే ముసలామె వింతగా చూసింది. నాకు ఏడుపొచ్చింది.

ఇవాళ రాణిగారి కోట దగ్గర భయంభయంగా ఈయన కాళ్లవంకే చూశాను.

"ఏం జూస్తున్నవ్? కొత్త బూట్లు. సప్పుడు ఇను" అన్నారు.