అమ్మమ్మకు అరువు గొంతు

మంగళవారం

అమ్మమ్మ పెద్దకర్మ ఈరోజుతో అయిపోయింది. సాయంత్రం అమ్మ నా దగ్గర కూర్చుని, "ఒసే, నువ్వు కాలేజీకి తీసిన సినిమా ఎట్టు. ఒక్కపాలి మాయమ్మ మాట ఇంతాను" అంది.

పెట్టాను. నరసన్నపేట బజారులో చేపల గంప ముందు అమ్మమ్మ. వినిపించేది మాత్రం నా విజయవాడ క్లాస్‌మేట్ గొంతు. మన యాస వింటే నవ్వుతారని డబ్బింగ్ చెప్పించిన తెలివి నాదే.

"ఇది మాయమ్మ కాదే" అని అమ్మ లేచి వెళ్లిపోయింది.

ఫోన్ నిండిపోయిందని అసలు వీడియోలు ఎప్పుడో తీసేశాను. ఎంత వెతికినా ఒక్క ముక్కే దొరికింది. అందులో వినిపించేది నేనే: "నువ్వు మాటాడకే అమ్మమ్మా, ఊరికే నోరు ఆడించు సాలు."

అమ్మమ్మ నావైపు చూస్తూ బుద్ధిగా ఆడిస్తోంది.