రాకడ ఆలస్యమైతే

ఏమండీ,

మీరు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక మొదటి సార్వా పంట ఇది. అమెరికా వాళ్ళ స్కైలాబ్ ఆకాశంలోంచి మన నెత్తిన పడుతుందని పోయిన నెలంతా ఊళ్ళో ఒకటే గోల. లోకాంతం వచ్చేసిందని చర్చిలో అయ్యగారు బైబిల్లో ప్రకటన గ్రంథం మూయలేదు. పక్కింటి మార్తమ్మ గుడ్లు పెట్టే కోళ్ళని కూడా కోసి వండేసింది.

నేను విత్తనాలు నానబోస్తుంటే గోడ మీంచి తొంగిచూసి, "ప్రభువే వచ్చేస్తుంటే ఇప్పుడీ వడ్లెందుకు వదినా?" అంది.

"ఆయన రాకడ ఆలస్యమైతే తినొద్దా?" అన్నాను.

అనేశాక నాకే నవ్వొచ్చింది. అది మీ మాట. పామర్రు వెళ్ళాలన్నా, గొడుగు బాగుచేయించాలన్నా "ప్రభువు రాకడ ఆలస్యమైతే" అనకుండా మీరు కదిలేవారు కాదు. పిరికిమాటని విసుక్కునేదాన్ని. ఆ మాట అన్నాక మీరు ఏ పనీ మానలేదని ఇప్పుడు తెలిసింది. ఎంత మంచి మాట నా నోటికి అలవాటు చేసి వెళ్ళారండీ!

స్కైలాబ్ ఎక్కడో దూరంగా పడిందట. మన నారుమడి పచ్చగా లేచింది. మార్తమ్మ నారు అడిగితే నవ్వకుండా ఇచ్చాను.

రేపు మన చేలో ఊడ్పులు, ప్రభువు రాకడ ఆలస్యమైతే. ఆలస్యం కాకపోతే, రేపే మిమ్మల్ని చూస్తాను.