బోల్టు లేని తుపాకి

భాలుబాసా, జంషెడ్‌పూర్,
12-8-1987.

తమ్ముడు పోలరాజుని దీవించి అక్క రాసేది.

కొత్త తుపాకితో గురి పరీక్ష తప్పేనని నువ్వు రాసింది అయ్యకి సదివి ఇనిపించేను. ఇంతెత్తున లేచేడు. "అరవై అయిదు యుద్ధంలో నేను పాత త్రీనాట్‌త్రీ తుపాకితోనే గురి తప్పలేదు! ఈడికి రష్యాది, దుర్బిణీది, దానంతటదే తూటా ఎక్కించుకునేది ఇత్తే తప్పుతాడా?" అన్నాడు.

అప్పుడు మిగిలింది సదివేను. పాత తుపాకికి తూటా తూటాకీ బోల్టు లాగిన అలవాటుకొద్దీ, పేల్చగానే నీ చెయ్యి, దీనికి లేని బోల్టుని లాగడానికి పోతందని, దాంతో దుర్బిణీ మీంచి కన్ను జరిగిపోతందని రాసేవు కదా.

అయ్య చీపురుని తుపాకిలా పట్టుకుని వసారాలో బోర్లా పడుకున్నాడు. "ఢాం" అన్నాడు. కుడిచెయ్యి బోల్టు కాడికి పోయింది! మళ్లీ "ఢాం". మళ్లీ పోయింది. అమ్మా నేనూ పడీ పడీ నవ్వేం. ఆయనా నవ్వీసేడు.

"తప్పు ఆడిది కాదే. పేల్చేక వేలు ట్రిగ్గరు మీదే ఉంచి, మూడంకెలు లెక్కెట్టి అప్పుడు తియ్యమను. ఇరవైసార్లు సేత్తే నాకే కుదిరింది, ఆడికి కుదరదా?"

వచ్చే నెల పరీక్షలో అలాగే సెయ్యి.

పటాలంలో సేరొద్దన్నా నువ్వు ఇనలేదని రెండేళ్లుగా నీ పేరెత్తని మనిషి, ఈ ఉత్తరం తనే పోస్టులో ఏత్తానని సొక్కా తొడుక్కుని నా ఎదర నిలబడ్డాడు. అందుకే ఇంతటితో ఆపుతన్నాను.

నీ అక్క