పిలవకుండానే స్టేషన్‌కు వెళ్ళిన మీ బావ

చిరంజీవి తమ్ముడు శీనయ్యకు,

అక్క చెంచమ్మ దీవించి రాస్తున్నది. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? మరదలు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. మేమిక్కడ బాగానే ఉన్నాం. ఫోన్ ఎత్తటం లేదని బెంగపడకు, అది పోలీసుల దగ్గర ఉంది. అమ్మకు మాత్రం బాగానే ఉన్నాం అన్న ముక్క ఒక్కటే చదివి వినిపించు.

ఈ గుంటూరు పక్క పల్లెలో మిర్చి కోతలు జోరుగా ఉన్నాయి. ఎండకు తోడు ఘాటు, ముద్ద కలుపుకుంటే వేళ్ళు మండుతున్నాయి. మనవాళ్ళు ఒక్కరూ లేరు.

వచ్చిన రెండో రోజే మీ బావ ఒక పని చేశాడు. కొత్త ఊరు వెళితే స్టేషన్‌లో చెప్పి రావాలని వాళ్ళ నాయన నేర్పాడు కదా. మన యానాదులను పుట్టుదొంగలని రాసి స్టేషన్‌లో హాజరు వేయించుకున్న తెల్లదొరల చట్టం ఎప్పుడో ఎత్తేశారు. అయినా మామ బతికినన్నాళ్ళూ చెప్పి వచ్చేవాడు, ఈయనా అంతే. పిలవకుండానే వెళ్ళి పేరు, ఊరు చెప్పి వేలిముద్ర వేసి వచ్చాడు. అది మర్యాద అనుకున్నాడు పిచ్చి మనిషి.

పది రోజులకు ఒక రైతు బోరు దగ్గర మోటారు వైరు పోయింది. కూలికి వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నా స్టేషన్ కాగితంలో పేరున్నది ఈయన ఒక్కడికే. కల్లంలో కాయలు ఎండబోస్తుంటే వచ్చి తీసుకెళ్ళారు. ఎలుక బొరియలు తవ్వే గడ్డపారను దొంగసామాను అని రాసుకున్నారు, ఫోనూ లాక్కున్నారు. మూడు రోజులు ఎక్కడున్నాడో నాకు చెప్పలేదు. భయంతో అన్నం దిగలేదురా.

చివరికి ఉచితంగా వాదించే లాయరమ్మ వచ్చి అడిగితే వదిలారు. ఒక్క రోజు దాటకుండా జడ్జి ముందు పెట్టాలట, ఇంట్లోవాళ్ళకు చెప్పాలట, కాగితం చదివి వినిపించాకే వేలిముద్ర అడగాలట. ఇవన్నీ ఉన్నాయని మనకెవరు చెప్పారు? మన కాలనీలకు వచ్చి ముందే చెప్పాలని, స్టేషన్‌లో మనవాళ్ళు ఒకరు పక్కన కూర్చునే ఏర్పాటు ఉండాలని ఆమె పైవాళ్ళకు అర్జీ రాస్తోంది. నేనూ సంతకం పెట్టాను.

వదిలేటప్పుడు ప్రతి ఆదివారం వచ్చి కనపడమన్నారు. అలా రమ్మనే హక్కు వాళ్ళకు లేదు, వెళ్ళనివ్వొద్దు అంది లాయరమ్మ. ఈ పొద్దున చూస్తే మీ బావ స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"నేను పోకపోతే వాళ్ళే వస్తారే. పిల్లలు చూస్తుండగా తీసుకుపోతారు," అన్నాడు.

పక్కకు తప్పుకున్నాను.

నువ్వు కోతలకు వస్తే మాత్రం పేరు చెప్పడానికి ఎక్కడికీ పోవద్దు. అమ్మకు నా దణ్ణాలు, పెద్దలందరినీ అడిగానని చెప్పు. మధ్యాహ్నం దాటింది, ఆయన ఇంకా రాలేదు. ఉత్తరం ముగించడానికి మనసు రావటం లేదు. ఇది మడిచి పెట్టేస్తే దారి చూడటం తప్ప నాకు ఇంకో పని ఉండదు.

నీ అక్క,
చెంచమ్మ