బాపు మీసం, నా కిరీటం

సిద్దిపేట, 1944, దసరా సెలవులు. బుధవారం.

సంబరంతో నిద్ర రావడం లేదు. రేపు మా వాడకట్టు సంగీత నాటకంలో రాజు మా బాపు, రాణిని నేను. పాటలన్నీ కంఠతా వచ్చాయి, నా మీసం ఒక్కటే అడ్డం. తీసేయనా అని ఇవాళ భయపడుతూనే బాపును అడిగాను.

"నేను బతికుండంగనే మీసం గీస్తవా? తండ్రి పోయినోడు గీస్తడురా!" అని గర్జించాడు. రిహార్సల్ ఆగిపోయింది. ఇక నాటకం లేనట్టే అనుకున్నాను.

బాపు కాసేపు తన మీసం నిమురుకున్నాడు. "మా నాయిన పోయి ఏండ్లాయె. నాది గీస్త. రాణిని నేను, రాజువు నువ్వు."

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు!

కిరీటం నాకొచ్చింది! కానీ రాణిని కోట నుంచి వెళ్లగొట్టే పద్యం రేపు నేనే పాడాలి. బాపు ముందు ఏనాడైనా గొంతు పెంచానా?

ఇందాక పడుకోబోతూ అన్నాడు: "గట్టిగ తిట్టాలె బిడ్డా. నసిగితివో, ఇంటికొచ్చినంక నీ పని చెప్త!"